ఊదకు వరి వేషం కట్టిందెవరు?

ఆ కాలేజీకి బయట గోడలున్నాయి గానీ లోపల లేవు. క్లాసుకీ క్లాసుకీ నడుమ ప్లైవుడ్ చెక్కలే. ఒకప్పుడది ఫంక్షన్ హాలు. పెళ్లికూతురి గది స్టాఫ్ రూమయింది. వంటశాల కెమిస్ట్రీ ల్యాబయింది. కరస్పాండెంట్ రాజేశ్వర్ సారు మాత్రం సరిగ్గా పెళ్లిపీటలు వేసే చోట కుర్చీ వేసుకున్నాడు. నిజామాబాద్ నుంచి బోధన్ రోడ్డు మీద పోయేవాళ్లకు బోర్డు మీది ర్యాంకులు కనపడతాయి, చెక్కలు కనపడవు.

ఆ రోజు చెక్కకు ఇవతల నితీష్ జువాలజీ చెబుతున్నాడు. అవతల, కొత్తగా చేరిన ఫిజిక్స్ మేడం ఎవరో కాంతి పాఠం చెబుతోంది. గొంతు గట్టిది. ఎంత గట్టిదంటే ఇవతలి పిల్లలకు రెండు సబ్జెక్టులూ ఒకే ఫీజులో అందుతున్నాయి.

"కెమెరాలో లెన్సుంది, కంట్లోనూ లెన్సుంది. కెమెరాని ఎవరో ఒకరు కూర్చుని డిజైన్ చేస్తేగానీ రాలేదు. మరి కన్ను?"

"దేవుడు మేడం!" అన్నారు అవతలి పిల్లలు.

ఇవతలి పిల్లలందరూ ఒక్కసారి నితీష్ మొహం చూశారు. కన్ను దానంతటదే ఎట్లా ఏర్పడిందో అతను చెప్పి ఇంకా బోర్డు తుడవనే లేదు.

నితీష్ చెక్క దిక్కు తిరిగాడు. గొంతు పెంచాడు. "దేవుడే చేసి ఉంటే వైరింగు గింత అధ్వానంగ చెయ్యకపోతుండె! కంట్ల నరాలన్ని తెర ముంగటి నుంచి పోతయి. టీవీ ముంగట వైర్లు యాలాడేసినట్టు. అవి ఎనకకు పోనీకె తెరకు ఒక తూటు. ఆ తూటు కాడ మనకు ఏం కనపడది. గిసోంటి పని చేసిన మిస్త్రీకి ఎవ్వరన్న కూలి ఇస్తరా?"

"ఇయ్యరు సార్!"

అవతల చాక్‌పీసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఆ తప్పు కనిపెట్టింది కూడా ఆ కంటితోనే కదండీ?" అంది చెక్క. "అంత పనికిమాలిన కన్నయితే మీరు ఎమ్మెస్సీ ఎలా చదివారు?"

"పనికిరాదని నేనెప్పుడన్న మేడం? పని నడుస్తది. పని నడిస్తే చాలనుడే పరిణామం. మన కాలేజీ లెక్క!"

రెండు క్లాసులూ గొల్లుమన్నాయి. చెక్క ఊగింది. పెళ్లిపీటల చోటునుంచి బెల్లు మోగింది.

రాజేశ్వర్ సారు గదిలోకి వెళ్లేదాకా నితీష్ ఆ గొంతుకు ఒక పెద్దావిడని, కళ్లజోడుని, కొప్పుని ఊహించి పెట్టుకున్నాడు. గదిలో ఉన్న మనిషికి అవేమీ లేవు. చున్నీకి చాక్‌పొడి, ముక్కు మీద కూడా కొంచెం చాక్‌పొడి. కంట్లో ఒక చోట ఏమీ కనపడదని పది మందికి పాఠం చెప్పి వచ్చినవాడికి, ఆ గదిలో ఆమె తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఉదయలక్ష్మి మేడం. వర్ని దగ్గర క్యాంపు" అని పరిచయం చేశాడు రాజేశ్వర్. "గీన నితీష్. నవీపేట్ దిక్కు. ఇద్దరు మంచిగ కొట్లాడుతున్రు."

"సారీ సార్" అన్నారిద్దరూ.

"సారీ ఎందుకు? కొట్లాడుండ్రి! కాని చెక్కల ఎనక ఏం ఫాయిదా? స్టేజి మీద కొట్లాడుండ్రి. అడ్మిషన్లు ఇంకా సగం గూడ కాలె. 'సృష్టికి డిజైనర్ ఉన్నడా? లేడా?' అని ఫ్లెక్సీ కొట్టిస్త. అమ్మానాన్నలను పిలుస్త."

"ఎవరు గెలవాలి సార్?" అని అడిగింది ఉదయలక్ష్మి. ఆమెకు ఉద్యోగం కొత్త.

"ఎవ్వరు గెలవొద్దు. డిజైనర్ లేడంటే అమ్మలు పిల్లల్ని తీస్కపోతరు. పరిణామం లేదంటే నీట్‌ల బిట్లు పోతయని నాయినలు తీస్కపోతరు. బరాబర్ సమానం కావాలె."

"మరి నిజం సార్?" అన్నాడు నితీష్.

"నిజం సిలబస్‌ల లేదు" అన్నాడు రాజేశ్వర్.

*

ఉదయలక్ష్మి తాతగారు కృష్ణా జిల్లా నుంచి కాలవ నీళ్ల వాసన పట్టుకుని వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. అట్లా వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. ఆ ఇంట్లో తాతది ‘వెళ్తున్నానండీ’, తండ్రిది ‘వెళ్తున్నా’. మనవరాలికి నెమ్మదిగా ఉన్నప్పుడు ‘వెళ్తున్నా’, కోపమొస్తే ‘పోతున్న’. ఎవరూ కూర్చుని ఆ భాషను మార్చలేదు. అదే మారింది. ఈ ఉదాహరణ నితీష్ డిబేట్‌లో వాడదామనుకుని మానేశాడు. ఆమెకు ఎక్కడ కోపమొస్తుందోనని, వస్తే ఇంకా ఎక్కడ బాగుంటుందోనని.

ఆమె వారమంతా నిజామాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది, శనివారం ఇంటికి పోతుంది. ఈ వివరం చెప్పింది కెమిస్ట్రీ సుష్మ, ఆమె రూమ్మేట్. మిర్చిబజ్జీ ఒక ప్లేటుకు ఒక వివరం చొప్పున.

శనివారం సాయంత్రం వర్ని బస్సు. సన్నని తుంపర. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. నితీష్ కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఆమె సీటు పక్కనే తేలాడు.

"అరె, మీరా మేడం!"

"మీది నవీపేట్ కదా? ఇది వర్ని బస్సండీ!"

నితీష్ ఇంత దూరం ఆలోచించలేదు. "మా మేనత్త... వర్నిల ఉంటది. మోకాళ్ల నొప్పులు. చూసొద్దామని."

అట్లా, కండక్టరు టికెట్ కొట్టి చిల్లర ఇచ్చేలోగా, నితీష్‌కు ఒక మేనత్త పుట్టింది. పుట్టడమే మోకాళ్ల నొప్పులతో పుట్టింది.

"పాపం! ఒక్కరే ఉంటారా?"

"ఒక్కతే."

"పిల్లలో?"

"కొడుకు... దుబాయ్‌ల."

"కోడలు?"

"చూడది."

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ చిమ్నీ కనపడేసరికి అత్తకు బీపీ కూడా వచ్చింది. ఉదయలక్ష్మి అడిగిన ప్రశ్నకు తట్టుకున్న అబద్ధం బతికింది, తట్టుకోనిది గొంతులోనే చచ్చింది. శనివారం శనివారం అట్లా బతికి బట్టకట్టిన అబద్ధాలన్నీ కలిసి ఒక నిండు మనిషై కూర్చున్నాయి. ఇంత చక్కని మనిషిని ముందే అనుకుని ఎవరూ తయారుచెయ్యలేరు. నితీష్ చెప్పే పరిణామానికి ఇంతకు మించిన రుజువు లేదు. కాకపోతే డిబేట్‌లో చూపించే వీలు లేనిది.

ఆమెకు అత్త మీద జాలి కలిగింది. వారం వారం ఇంటినుంచి గోంగూర పచ్చడి సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "మీ అత్తయ్యగారికివ్వండి. బీపీ ఉందన్నారుగా, ఉప్పు తగ్గించి పెట్టించాను."

ఉప్పు తక్కువైన సంగతి నితీష్‌కు మొదటి ముద్దలోనే తెలిసింది.

*

తొలి ఏకాదశికి ఉదయలక్ష్మి తల్లి నాగకుమారితో కందకుర్తికి స్నానానికి పోతుందన్నది మరో బజ్జీల ప్లేటు వార్త.

గోదావరి, మంజీర కలిసే చోట నితీష్ పంచె కట్టుకుని నడుము లోతు నీళ్లలో నిలబడ్డాడు. వాళ్లు వచ్చేసరికి ఆలస్యమైంది. పెదవులు నీలంగా తిరిగాయి.

"నితీష్ గారూ! మీరిక్కడ!"

"రెండు నదులు కలిసే కాడ చేపలెట్లుంటయో చూద్దామని మేడం."

"పంచె కట్టుకునా?"

"ప్యాంటు తడుస్తదని."

నాగకుమారికి మాత్రం చేపల సంగతి వినపడలేదు. ఈ కాలంలో ఈ వయసులో ఇంత భక్తా అని మురిసిపోయి, ప్రసాదం దోసిట్లో పెట్టి గుళ్లోకి పోయింది.

మెట్ల మీద ఇద్దరే మిగిలారు. ఉదయలక్ష్మి తడి జడ ముందుకు వేసుకుని నీళ్లు పిండుతోంది. నితీష్ నదిని చూస్తున్నట్టు ఆమెను చూస్తున్నాడు.

"మీకొకటి చెప్పాలి" అంది. "నవ్వకూడదు. నాకు భీమవరం సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సాయిప్రసాద్. హైదరాబాద్‌లో ఉద్యోగం. మంచివాడే. శ్రావణం రాగానే తాంబూలాలంటున్నారు. వద్దనడానికి కారణం లేదు, సరేననడానికి మనసు రావట్లేదు. అందుకని దేవుణ్ని ఒక గుర్తు చూపించమని అడిగాను."

"చూపించిండా?"

"అడిగిన శనివారమే మీరు బస్సులో కనపడ్డారు. మళ్లీ శనివారం. మళ్లీ. ఇవాళ ఇక్కడ కూడా కనపడితే భీమవరం వద్దని నాన్నగారికి చెప్పేద్దామనుకున్నా. కనపడ్డారు."

నితీష్ గుండెలో ఒక పక్క డప్పులు మోగాయి. ఇంకో పక్క బండరాయి పడింది.

"గివన్ని ఉత్తగనే, అనుకోకుండ గూడ జరగొచ్చు గద మేడం" అన్నాడు నీరసంగా.

"నవీపేట్ మనిషి వర్ని బస్సులోనా? పరిణామం సారు పంచెలోనా? ఇన్ని అనుకోకుండా జరగవండీ. దీని వెనక ఎవరో ఉన్నారు. ఇది ఎవరో ప్లాన్ చేశారు."

"ఎవరో ప్లాన్ చేసిన్రు" అన్నాడు నితీష్. ఆమెతో అతను మనస్ఫూర్తిగా ఏకీభవించింది అదే మొదటిసారి.

"ఈ ఆదివారం మీ అత్తయ్యని చూడ్డానికొచ్చినప్పుడు మా ఇంటికి రండి. నాన్నగారు మిమ్మల్ని చూడాలి."

ఇప్పుడు చూడండి అతని అవస్థ. డిజైనర్ లేడని గెలిస్తే గుర్తులన్నీ ఉత్తవే అవుతాయి, ఆమె భీమవరం పోతుంది. డిజైనర్ ఉన్నాడని ఒప్పుకుంటే, ఆ డిజైనర్ ఎవడో చెప్పాల్సి వస్తుంది. చెప్పకుండా ఊరుకుంటే ఆమె తన జీవితాన్ని ఒక లేని అత్త మోకాళ్ల మీద నిలబెట్టుకుంటుంది.

*

ఆదివారం ఉదయలక్ష్మి తండ్రి వెంకటసుబ్బారావు గారు పొలం గట్టు మీదే ఎదురొచ్చారు. లుంగీ పైకి కట్టి, నెత్తిన తువ్వాలు.

"రావయ్యా. ఏ ఊరు? నాన్నగారి పేరు? ఇంటిపేరు? మేనమామలెవరు?"

అన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగే ప్రశ్నలు. ఆ ఒక్కటి మాత్రం అడగరు. మర్యాద కాదు.

"నవీపేట్ దిక్కండి. మా బాపు హన్మాండ్లు. పసుపు పండిస్తం."

"పసుపా? మరి వరి సంగతి తెలుసా?"

"తెలుసండి" అన్నాడు నితీష్. పక్కన ఉదయలక్ష్మి ఉంది మరి.

"దేవుడు లేడంటావటగా?"

"దేవుని సంగతి నాకు తెల్వదండి. గడ్డిని, పురుగును, మనిషిని ఎవరో కూసొని గీసి తయారుచేసిన్రనేది అవసరం లేదంటున్న."

"అవసరం లేదూ?" ఆయన మడిలోకి వేలు చూపించాడు. "ఆ వరిలో ఊద కలుపు ఉంది. చూడు ఎలా నిలబడిందో! అదే ఎత్తు, అదే రంగు, అదే ఒంపు. అచ్చం వరి వేషం. గట్టు మీద ఊద చూడు, గంగిరెద్దులా కాళ్లు చాపుకుని పడుంటుంది. మడిలో దిగితే మాత్రం బుద్ధిమంతురాలు. ఈ వేషం కట్టాలని దానికెవరు చెప్పారయ్యా? ఎవడో పైనుంచి చెప్పకపోతే?"

"జవాబు చెప్తనండి."

"ముందు ఊద ఏదో పీకి చూపించు. తర్వాత చెబుదువుగాని."

నితీష్ ప్యాంటు మడిచి దిగాడు. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఈ సంగతి పుస్తకంలో చదివాడు, పరీక్షలో రాశాడు. వంగి, వెతికి, ధీమాగా ఒక దుబ్బు పీకాడు.

"అది వరి" అన్నాడు వెంకటసుబ్బారావు తృప్తిగా. "పట్నం చదువు! ఇటు చూడు. ఇదీ ఊదంటే!" అని తనూ దిగి, చటుక్కున ఒక దుబ్బు పెరికి పైకెత్తాడు.

"నాన్నగారూ" అంది ఉదయలక్ష్మి నెమ్మదిగా. "అదీ వరే."

ఆయన చేతిలోని దుబ్బును తిప్పి తిప్పి చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మబ్బు పట్టింది. వెలుతురు లేదు."

మామా కాని అల్లుడూ కాని ఆ ఇద్దరు మగవాళ్లూ చెరొక వరి దుబ్బు పట్టుకుని బురదలో నిలబడ్డారు. వాళ్ల నడుమ ఊద ఒక్కటే పరువుగా నిలబడి ఉంది.

"గిదేనండి జవాబు" అన్నాడు నితీష్. "మీ తాతలకాడికెల్లి కలుపు తీస్తున్రు. వరికి తేడాగ కనపడ్డ ఊదను పీకేసిన్రు. జర వరి లెక్క కనపడ్డది చేతికి దొరకలే. బతికింది. గింజ రాల్చింది. దాని పిల్లల్ల మళ్ల తేడాగున్నది పోయింది, వరి లెక్కున్నది మిగిలింది. ఎన్ని పంటలు, ఎన్ని చేతులు! గట్ల గట్ల అది వరి వేషానికొచ్చింది. ఎవ్వరు చెప్పలే. మీ కలుపు తీసే చెయ్యే దానికి వేషం కట్టింది."

వెంకటసుబ్బారావు పీకిన దుబ్బును మళ్లీ బురదలో గుచ్చాడు. "అంటే నా శత్రువుని నేనే తయారుచేసుకున్నానా?"

"తెల్వకుండ."

"తెలివిగా కూడా!" అన్నాడు ఆయన, కోపమో మెచ్చుకోలో తెలియకుండా. గట్టెక్కాడు. "బాగానే చెప్పావ్. బండెక్కు, వర్నిలో మీ అత్తయ్యగారింటి దగ్గర దింపుతా. నేనూ పలకరించినట్టుంటుంది."

*

వర్ని దాకా తుంపర. నితీష్ వెనక కూర్చుని, ఉన్న దేవుళ్లందరికీ, లేని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

"ఏ సందు?"

"బస్టాండ్ ఎనక... గీ సందు."

సందు చివర ఒక పెంకుటిల్లు. తలుపుకు తాళం. అరుగు మీద ఎండుటాకులు. ఇంతకంటే చక్కని ఇల్లు భూమ్మీద లేదు. 'గిదేనండి, ఊరికి పోయినట్టుంది' అంటే అయిపోతుంది. అత్త బతుకుతుంది, గుర్తులు బతుకుతాయి, భీమవరం తప్పిపోతుంది.

"ఇదేనా?" అన్నాడు వెంకటసుబ్బారావు బండి ఆపి.

నితీష్ నోరు తెరిచాడు. ఆ తాళం దిక్కు చూస్తే, కందకుర్తి మెట్ల మీద జడ పిండుకుంటూ 'కనపడ్డారు' అన్న మనిషి మొహం కనపడింది. ఎంత నమ్మకంగా అంది!

"కాదండి" అన్నాడు. "ఏ ఇల్లు కాదు. నాకు అత్త లేదు. మా బాపుకు అక్కచెల్లెండ్లే లేరు."

ఆయన బండి దిగాడు. నితీష్ అంతా చెప్పాడు. బస్సు, బీపీ, దుబాయ్ కొడుకు, పంచె, చేపలు. చివరికి అన్నాడు, "మీ అమ్మాయి గివన్ని దేవుని గుర్తులనుకుంటున్నది. ఆ నమ్మకంతోని భీమవరం సంబంధం వద్దంటది. గుర్తులు నేను పెట్టినయి. గది తప్పండి."

"తాళం వేసుందిగా! ఇదే ఇల్లంటే నేను నమ్మేవాణ్ని కదయ్యా!"

"నమ్ముతుంటిరండి. అందుకే చెప్పిన."

వెంకటసుబ్బారావు సందు పక్కన పారే కాలవ దిక్కు చూశాడు. ఇతన్ని తోసేంత లోతుందా అని చూసినట్టే ఉంది. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, నితీష్ చేతిలో పెట్టాడు.

"నాకు కాదు. దానికి చెప్పు."

నితీష్ చెప్పాడు. తుంపర వానయింది. అటునుంచి ఒక్క ప్రశ్న వచ్చింది.

"గోంగూర ఎవ్వరు తిన్నరు?"

'తిన్నరు' అంది. 'తిన్నారు' అనలేదు. కోపమొచ్చిందన్నమాట.

"నేనే."

"అన్ని సీసాలు?"

"సుష్మ మేడం గూడ... జర."

ఫోన్ పెట్టేసింది.

*

ఆ వారం చెక్కకు అవతలి నుంచి న్యూటన్ సూత్రాలు తప్ప ఇంకో మాట రాలేదు. సుష్మ వేరే గదికి మారింది, తనంతట తను కాదు. నితీష్ చెక్క మీద చెవి పెట్టి పాఠం చెప్పాడు. పిల్లలకు వాళ్ల సారు మీద జాలేసి బుద్ధిగా నోట్సు రాసుకున్నారు.

డిబేట్ నాడు ఫ్లెక్సీ మీద ఒక పక్క కోతి, ఒక పక్క జ్యోతి, నడుమ ఆ రెండింటి కంటే పెద్ద సైజులో రాజేశ్వర్ సారు. షామియానా కింద అమ్మానాన్నలు నిండుగా కూర్చున్నారు. ముందు వరసలో వెంకటసుబ్బారావు. ఆయన పక్కన, నితీష్ కళ్లు నులుముకుని చూశాడు, తన బాపు హన్మాండ్లు! నంబరు ఎక్కడ సంపాదించాడో గానీ వెంకటసుబ్బారావే ఫోన్ చేసి పిలిపించాడు. తిట్టడానికో, చూడ్డానికో ఆయనకే ఇంకా తేలలేదు.

"సుబ్బారావు సాబ్, నాకు తెల్వకుండ వర్నిల నాకొక చెల్లె ఉన్నదటగద?" అంటున్నాడు హన్మాండ్లు.

"చూసొచ్చానండీ. తాళం వేసుంది" అన్నాడు వెంకటసుబ్బారావు.

ఉదయలక్ష్మి మైకు దగ్గరికొచ్చింది.

"ఒకే మనిషి మళ్లీ మళ్లీ ఎదురైతే దాని వెనక ఎవరో ఉంటారని ఇవాళ నిరూపిద్దామనుకున్నాను" అంది. "నిజంగానే ఉన్నారు. నేను ఆకాశంలో వెతికాను. ఆయన బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు."

నితీష్ తల దించుకున్నాడు. పిల్లలకు అర్థమైంది. ఈలలు వేశారు.

"కాబట్టి తేలిగ్గా గుర్తులు చూపించి దేవుణ్ని నిరూపించేవాళ్ల మీద నాకు నమ్మకం పోయింది. ఊదకు వరి వేషం కట్టింది కలుపు తీసే చెయ్యేనని కూడా ఒప్పుకుంటున్నాను. కానీ నాదొక ప్రశ్న. గింజలోంచి గింజ అచ్చం తల్లిలాగే వచ్చి, మళ్లీ రవ్వంత తేడాగా ఎందుకుంటుంది? ఆ రవ్వంత తేడా లేకపోతే ఏ చెయ్యీ ఏ వేషమూ కట్టలేదు. అసలు ఇలా నడిచే లోకం ఎందుకుంది? ఆ ఏర్పాటు ఎవరిది?"

అమ్మలు చప్పట్లు కొట్టారు. నితీష్ లేచాడు.

"తేడా ఎట్లొస్తదో చెప్తా. చూసి రాసేటప్పుడు తప్పు పోయినట్టు, గింజల గింజ తయారయ్యేటప్పుడు తప్పులు పోతయి. అన్ని చెడ్డ తప్పులు కావు. పనికొచ్చే తప్పు మిగులుతది. దీనికి పైనుంచి ఎవరి చెయ్యి అక్కర్లేదు. నా పాఠం గిక్కడిదాక." ఆగాడు. "లోకం అసలు గిట్ల ఎందుకున్నదంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుడు నేను మొన్ననే బంద్ పెట్టిన."

నాన్నలు చప్పట్లు కొట్టారు. రాజేశ్వర్ సారు స్టేజి మీదికి ఉరికాడు. "సమానం! చూసిన్రా, బరాబర్ సమానం! నేను ముందుగాలనే గిట్లనే ప్లాన్ చేసిన!"

అప్పుడే వాన దంచింది. షామియానా కుండలా వంగి, సరిగ్గా ఫ్లెక్సీ మీదున్న రాజేశ్వర్ సారు నెత్తిన చిల్లుపడింది. జనం వరండాలోకి పరుగెత్తారు. తోపులాటలో నితీష్, ఉదయలక్ష్మి మెట్ల దగ్గర ఒకే చూరు కింద నిలబడ్డారు.

"గిది మాత్రం నేను చెయ్యలే మేడం" అన్నాడు నితీష్.

ఆమె నవ్వలేదు. "భీమవరం వాళ్లకి వద్దని చెప్పించాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్ననా? అప్పటికి గుర్తులన్ని ఉత్తయేనని తెలిసింది గద!"

"తెలిసింది కాబట్టే. ఇన్నాళ్లూ ఆలోచించే పని దేవుడికి అప్పజెప్పి హాయిగా కూర్చున్నా. గుర్తులు పోయేసరికి నేనే ఆలోచించుకోవాల్సొచ్చింది. ఆ తాళం సంగతి నాన్నగారు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెబుతున్నారు. తిడుతూనే చెబుతున్నారు. కానీ మానకుండా చెబుతున్నారు."

"అయితే నా మీద కోపం పోయిందా?"

"పోలే. మంచిగనే ఉన్నది."

చూరు నీళ్లు ఇద్దరి నడుమా తెరలా పడుతున్నాయి. ఆమె అరచెయ్యి చాపి నీళ్లు పట్టి, వదిలేసింది.

"ఒకటి అడుగుతా. ఊదని తెలియక వదిలేస్తే ఏమవుతుందో మీరు చెప్పారు. భక్తుడి వేషం కట్టి మోసం చేసిందని తెలిసి కూడా ఎవరైనా దాన్ని పీకకుండా ఉంచుకుంటే? దాన్నేమంటారు మీ సైన్సులో?"

నితీష్ సిలబస్ అంతా వెతుక్కున్నాడు. ఏ యూనిట్‌లోనూ దొరకలేదు. వాన కొంచెం తెరిపిచ్చే దాకా ఆమె మొహంలో వెతికాడు.

"పంట అంటరు" అన్నాడు. "తెలిసి ఉంచుకొని, నీళ్లు పెట్టుకొని, కాపలా కాసుకుంటే అది ఇగ కలుపు కాదు. వరి గూడ ఒకప్పుడు గడ్డే."

ఉదయలక్ష్మి మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి గనక నవ్వుతోందని తెలిసింది.

"కాపలా మాత్రం గట్టిగ ఉంటది" అంది.

వరండాలో, వాళ్లకు కాస్త వెనకగా, తండ్రులిద్దరూ తడిసిన కుర్చీల మీద కూర్చుని చెవులు అటే పెట్టారు. హన్మాండ్లుకు వాన చప్పుడులో సరిగ్గా వినపడలేదు.

"ఏమంటున్రు వాళ్లు?"

"ఏముందీ, పంటల సంగతేదో మాట్లాడుకుంటున్నారు బావగారూ" అన్నాడు వెంకటసుబ్బారావు.

అన్న తర్వాతగానీ ఆయనకు తన నోట ఏ వరస వచ్చిందో తెలియలేదు. హన్మాండ్లుకు మాత్రం ఆ ఒక్కమాట బాగా వినపడింది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.